షిరోకియా అగ్నిప్రమాదంలో స్త్రీల ప్రాణాలు తీసింది సిగ్గు కాదు

1932 డిసెంబరు 16న టోక్యోలోని నిహోంబాషిలో షిరోకియా డిపార్ట్‌మెంట్ స్టోర్ తగలబడింది. ఆ ప్రమాదం చుట్టూ అల్లుకున్న ఒక కథను ఈనాటికీ ఎందరో చరిత్రగానే పంచుకుంటున్నారు. కిమోనో కింద లోదుస్తులు లేని సేల్స్‌గర్ల్స్ తాళ్లు పట్టుకుని దిగుతుండగా గాలికి బట్టలు పైకి లేచాయట. కింద గుమిగూడిన జనం చూస్తారన్న సిగ్గుతో ఒక చేత్తో బట్ట సర్దుకోబోయి, పట్టు తప్పి పడి చనిపోయారట. ఆ విషాదం తర్వాతే జపాన్ స్త్రీలు లోదుస్తులు ధరించడం మొదలుపెట్టారట. మంటలు నిజం, తాళ్లు నిజం, మరణాలు నిజం. వాటికి చెప్పే కారణమూ, వాటి నుంచి తీసే ఫలితమూ నిలబడవు.

ముందుగా మరణాల సంగతి. అది క్రిస్మస్, సంవత్సరాంతపు అమ్మకాల కాలం. నాలుగో అంతస్తులోని బొమ్మల విభాగంలో అలంకరించిన క్రిస్మస్ చెట్టుకు ఉన్న విద్యుత్ బల్బును బాగుచేస్తుండగా నిప్పురవ్వ లేచి, పక్కనే ఉన్న సెల్యులాయిడ్ అనే తొలితరం ప్లాస్టిక్ బొమ్మలకు అంటుకుంది. సెల్యులాయిడ్ ఎంత వేగంగా మండుతుందో తెలిసినవారికి ఆ తర్వాత ఏం జరిగి ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. నాలుగో అంతస్తు నుంచి ఎనిమిదో అంతస్తు దాకా కాలిపోయింది. అప్పటికి దుకాణం తెరిచి ఎంతోసేపు కాలేదు కాబట్టి లోపల ఉన్నవారిలో ఎక్కువమంది సిబ్బందే. చనిపోయినవారు 14 మంది. వారిలో ఒకరు కాలిపోయి మరణించగా, 13 మంది పైనుంచి పడి మరణించారు. మృతులలో పురుషులు కూడా ఉన్నారు. కిమోనో అంచు ఎగరడం వల్లనే పట్టు తప్పిందన్న వివరణ ఆ పురుషుల మరణాలకు ఎలా వర్తిస్తుంది? అమ్మకానికి ఉంచిన గుడ్డలనూ, నడుముకు కట్టే ఓబీలనూ ముడివేసి తాళ్లుగా చేసుకుని, పొగ కమ్ముతుండగా అంత ఎత్తు నుంచి వేలాడిన మనిషి పడిపోవడానికి సిగ్గు అన్న కారణం అవసరమే లేదు.

ఇక ఈ కథ పుట్టుక. దీనికి మూలం ప్రాణాలతో బయటపడిన స్త్రీల మాట కాదు. ప్రమాదం జరిగిన సుమారు వారానికి షిరోకియా సంస్థ ఉన్నతాధికారి యమదా నింజో పత్రికలకు ఇచ్చిన వివరణ ఇది. లోదుస్తులు లేకపోవడం వల్లనే ఆ అమ్మాయిలు పట్టు తప్పారనీ, ఇకమీదట ఉద్యోగినులు వాటిని తప్పక ధరించేలా చూస్తామనీ ఆయన చెప్పారు. తన భవనంలో, తన ఉద్యోగులు చనిపోయిన సంస్థ తరఫున మాట్లాడుతున్న వ్యక్తి ఆయన. మెట్ల గురించీ, సెల్యులాయిడ్ నిల్వల గురించీ, మంటలార్పే ఏర్పాట్ల గురించీ జరగవలసిన చర్చ ఆ ఒక్క వివరణతో చనిపోయినవారి బట్టల మీదికి మళ్లింది. ఆయన ఉద్దేశం అదేనని నేను అనను, కానీ ఫలితం మాత్రం అదే. పత్రికలకు అది కావలసినంత ఆసక్తికరమైన వార్త కూడా. భవన నిర్మాణ చరిత్రకారుడు ఇనోవే షోయిచి ఈ కథను నాటి వార్తలతో పోల్చి పరిశీలించి, అది నమ్మదగినది కాదని 2002లో వెలువడిన పుస్తకంలో వివరంగా వాదించారు.

కిమోనో కింద ఏమీ ఉండేది కాదన్న మాట కూడా సరైనది కాదు. నడుము చుట్టూ చుట్టుకునే కోషిమాకి అనే బట్ట ఉండేది. కుట్టు లేదన్న తేడాను పక్కనబెడితే అది మన లోపావడా వంటిదే. రెండు కాళ్లకూ విడివిడిగా కుట్టిన డ్రాయర్లు మాత్రం చాలామందికి అలవాటు లేవు.

అన్నిటికంటే పెద్ద పొరపాటు చివరి మాటలో ఉంది. ఒక్క అగ్నిప్రమాదం ఒక దేశపు స్త్రీల దుస్తులను మార్చిందనడం, ఆ స్త్రీలు అంతకు పదేళ్ల ముందు నుంచీ తమంతట తాము చేస్తూ వచ్చిన మార్పును తుడిచేయడమే. 1923 సెప్టెంబరులో టోక్యో ప్రాంతాన్ని కుదిపేసిన కాంతో భూకంపంలో కిమోనోలతో పరుగెత్తడం ఎంత కష్టమో అందరికీ తెలిసివచ్చాక, దుస్తులను సంస్కరించాలన్న వాదన బలపడింది. 1920ల మొదట్లోనే బాలికల పాఠశాలల్లోకి నావికుల దుస్తుల తరహా సెయిలర్ యూనిఫారాలు వచ్చాయి. 1924లో టోక్యో నగర బస్సుల మహిళా కండక్టర్లు ఎర్ర కాలరున్న పాశ్చాత్య దుస్తులు వేసుకుని విధులకు వచ్చారు. 1917లో మొదలైన షుఫు నో తోమో వంటి మహిళా పత్రికలు లక్షల ప్రతులలో ఇంటింటికీ చేరి, పిల్లల గౌనులూ వేసవి దుస్తులూ ఇంట్లోనే కుట్టుకునే పద్ధతులు నేర్పాయి. అప్పప్ప అని పిలిచే వదులైన వేసవి గౌను సామాన్య గృహిణులలోకి వెళ్లింది ఖరీదైన దుకాణాల గుండా కాదు, చవక కావడం వల్లా, ఎండలో హాయిగా ఉండడం వల్లా. డ్రాయర్లు ఈ దుస్తులతో పాటే వచ్చాయి.

అయితే ఈ మార్పు ఎంత నెమ్మదైనదో కూడా గుర్తించాలి. 1925 వేసవి ఆరంభంలో వాస్తుశాస్త్ర పండితుడు కోన్ వజిరో తన మిత్రులతో గింజా వీధిలో నిలబడి, వచ్చేపోయేవారి దుస్తులను లెక్కపెట్టారు. పురుషులలో 67 శాతం పాశ్చాత్య దుస్తులలో ఉండగా, స్త్రీలలో అలా ఉన్నవారు 1 శాతం మాత్రమే. పత్రికల ముఖచిత్రాల నిండా కురచ జుట్టు మోగాలు, అంటే ‘మోడరన్ గర్ల్స్’, కనిపిస్తున్న కాలంలో, టోక్యోలోకెల్లా ఆధునికమైన వీధిలోనే పరిస్థితి ఇది. షిరోకియా మంటల తర్వాత కూడా 1930ల పొడుగునా కిమోనోదే పైచేయి. యుద్ధకాలంలో మోంపే పైజామాలు వచ్చాయి. పాశ్చాత్య దుస్తులు స్త్రీలందరి నిత్య వేషం కావడం, వాటితోపాటు లోదుస్తులు సర్వసాధారణం కావడం 1945 తర్వాత కుట్టు పాఠశాలలు కిక్కిరిసిన రోజుల సంగతి.

ఆ అగ్నిప్రమాదం నేరుగా తెచ్చిన మార్పు ఒకటి నిజంగానే ఉంది. 1933లో టోక్యో పోలీసు శాఖ డిపార్ట్‌మెంట్ స్టోర్ భవనాలకు ప్రత్యేక నిర్మాణ నిబంధనలు విధించింది.