పేరు పెట్టి పిలిచే గురువు

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ ప్రాణాలు కోల్పోయిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశంలోని విద్యాసంస్థలకు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఒకరైనా ఉండాలంది. మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయొద్దని, నలుగురిలో అవమానించొద్దని, శక్తికి మించిన టార్గెట్లు పెట్టొద్దని చెప్పింది. ఇందులో కౌన్సెలర్ నిబంధన పాటించడం తేలిక. ఒక నియామక పత్రం చూపిస్తే సరిపోతుంది. మా దృష్టిలో అసలు విషయం మార్కుల సెక్షన్లను ఎత్తేయడం. ఎందుకంటే పిల్లవాడికీ చదువు చెప్పే మనిషికీ మధ్య బంధాన్ని తెంపేస్తున్నది అవే.

పదో తరగతి కాగానే ఇల్లు వదిలి కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో చేరే పిల్లల సంగతి చూడండి. పాఠం చెప్పే లెక్చరర్ ఒకరు, స్టడీ అవర్స్‌లో కూర్చోబెట్టేది మరొకరు, రాత్రి లెక్క చూసుకునే వార్డెన్ ఇంకొకరు. వారాంతపు పరీక్ష ర్యాంకు మాత్రం నాన్న ఫోన్‌కు మెసేజ్‌గా వెళ్తుంది. ఇంతమంది కళ్లు వాడి మీదే ఉంటాయి, వాడి మనసు మాత్రం ఎవరికీ తెలియదు. ర్యాంకు పడిపోతే సెక్షన్ మారుతుంది. ధైర్యం చెప్పే మనిషి బాగా అవసరమైన రోజునే స్నేహితులు, అలవాటైన అధ్యాపకులు ఒక్కసారిగా దూరమవుతారు. దీన్ని పోటీ అని సమర్థించడం మాకు చేతకాదు.

గురుశిష్యులు కలిసి చదివే ‘సహ నావవతు’ శాంతి మంత్రాన్ని గుర్తు చేసుకోవాలి. పాఠం మొదలుపెట్టే ముందు వాళ్లు కోరుకునేది తమ ఇద్దరినీ కలిపి కాపాడమని, ఇద్దరం కలిసి శ్రమించాలని, ఒకరినొకరు ద్వేషించుకోకూడదని. శిష్యుడితో పాటు గురువు కూడా ఆ మాట అడుగుతాడు. మనసులు విరిగిన చోట ఎంత తెలివి ఉన్నా చదువు సాగదని వారు ఎరుగుదురు.

ఆధ్యాత్మిక మార్గంలోనూ అంతే. దూదేకుల ఇంట పుట్టిన సిద్ధయ్యను పోతులూరి వీరబ్రహ్మంగారు శిష్యుడిగా చేరదీశారు. ఆయన తత్వాల్లో ఎన్నో ‘సిద్ధా’ అని పిలిచి చెప్పినట్టే ఉంటాయి. ఎదురుగా వినే మనిషి లేకుండా ఆ బోధను ఊహించలేం. సమాధిలోకి వెళ్లే ముందు పూల కోసం పంపేశారని తెలిసి కుమిలిపోయిన సిద్ధయ్యకు బ్రహ్మంగారు తన దండం, కమండలం, పాదుకలు ఇచ్చారని మన జనం చెప్పుకుంటారు. కులాన్నీ మతాన్నీ దాటిన ప్రేమ కాబట్టే ఊరూరా ఆ కథ నిలిచింది.

అయితే దగ్గరితనం వేరు, లొంగుబాటు వేరు. భక్తి పేరిట మనుషులను లొంగదీసుకున్న బాబాలను మనం చూస్తూనే ఉన్నాం. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, తనను జగద్గురువుగా నిలబెట్టిన ‘ఆర్డర్ ఆఫ్ ది స్టార్’ను 1929లో తానే రద్దు చేశారు. గురువు పెత్తనం వద్దన్న ఆయన సంబంధాన్ని మాత్రం వదల్లేదు. ఇతరులతో మనం ఎలా మెలుగుతున్నామో గమనించుకుంటేనే మనమేమిటో మనకు తెలుస్తుందన్నది ఆయన బోధలో ముఖ్యమైన మాట. ఆయన పెట్టిన రిషీవ్యాలీ పాఠశాలలో టీచర్లు, పిల్లలు ఒకే ప్రాంగణంలో బతుకుతారు. అంత ఫీజు అందరూ కట్టలేరు, నిజమే. కానీ ఆ సంస్థ చుట్టుపక్కల పల్లెల్లో నడిపే చిన్న బడుల్లోనూ వేర్వేరు వయసుల పిల్లలు ఒకే గదిలో గుంపులుగా కూర్చుని, కార్డుల సాయంతో ఎవరి వేగంలో వారు నేర్చుకుంటారు. టీచర్ ఒక్కొక్కరి పక్కన కూర్చునే వీలు అలా దొరుకుతుంది.

సర్కారు బడికి ఆ వీలు ఎక్కడుంది? 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు టీచర్లుండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతోంది. జనగణన, విపత్తు సాయం, ఎన్నికలు తప్ప బోధనేతర పనులు అప్పగించొద్దనీ చెబుతోంది. అయినా రెండు తెలుగు రాష్ట్రాల్లో సింగిల్ టీచర్ బడులు ఉన్నాయి. ఆ ఒక్క టీచరే ఐదు తరగతులు చూస్తూ యాప్‌లలో వివరాలు నింపాలి. పైగా ఆ చట్టం 14 ఏళ్లతో ఆగిపోతుంది. ఇల్లు వదిలిన ఇంటర్ పిల్లలకు ఆ రక్షణ కూడా లేదు.

చిన్న బ్యాచ్‌లకు ప్రత్యేకంగా మెంటర్లను కేటాయించాలని కోర్టు చెప్పిన మాటను రెండు రాష్ట్రాల ఇంటర్ బోర్డులు గుర్తింపు షరతుగా మార్చాలి. 30 మందికి మించని బృందానికి ఒక లెక్చరర్ రెండేళ్లూ తోడుండాలి, అందుకు తగ్గట్టు ఆయన క్లాసుల భారం తగ్గించాలి. తనిఖీకి వెళ్లిన అధికారులు ల్యాబులు, రిజిస్టర్లతో సరిపెట్టకుండా, కష్టమొస్తే ఎవరి దగ్గరికి వెళ్తారని పిల్లలనే విడిగా అడగాలి. జవాబు చెప్పలేని పిల్లలు ఎక్కువగా ఉన్న కాలేజీకి సీట్లు తగ్గించాలి. వచ్చే అడ్మిషన్లు మొదలయ్యేలోగా ఈ ఉత్తర్వులు రావాలి.