కాన్‌కూన్ టికెట్ కొనే ముందు చూడాల్సింది హోటల్ ఫొటోలు కాదు

ఫిబ్రవరి వచ్చేసరికి అమెరికాలోని తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న తిరుగుతుంటుంది: స్ప్రింగ్ బ్రేక్‌కి, అంటే మార్చి-ఏప్రిల్ బడి సెలవులకు, మెక్సికో తీరంలోని కాన్‌కూన్‌లో ఏ రిసార్ట్ బాగుంటుంది? జవాబులకూ కొదవుండదు. ఒక చోట ఇండియన్ బఫే ఉందంటారు, ఇంకో చోట పిల్లలకు వాటర్ స్లైడ్స్ ఉన్నాయంటారు. నన్నడిగితే ఆ ప్రశ్నే ఆఖరున అడగాల్సింది. ఒకే రేటులో ఉన్న రిసార్టుల మధ్య తేడా చాలా తక్కువ. ట్రిప్ బాగుందా, పాడైందా అనేది తేల్చేవన్నీ ప్యాకేజీ బయటే ఉంటాయి.

ముందు కాగితాల సంగతి. అన్ని బీచ్‌లుండగా మనవాళ్లు కాన్‌కూన్‌కే ఎందుకు ఎగబడతారంటే, హ్యూస్టన్ నుంచి విమానంలో రెండు గంటల పైచిలుకు ప్రయాణం కావడం ఒక్కటే కారణం కాదు. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకు ఇందులో ఒక వెసులుబాటు ఉంది. పాస్‌పోర్టులోని వీసా స్టాంపు గడువు అయిపోయినా, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) చెల్లుబాటులో ఉంటే, మెక్సికోకో కెనడాకో వెళ్లి 30 రోజుల్లోపు కొత్త స్టాంపు లేకుండానే తిరిగి రావచ్చు. దీన్నే ఆటోమేటిక్ రీవాలిడేషన్ అంటారు. హెచ్-1బీ వాళ్లకు ఈ సౌకర్యం జమైకాకో, డొమినికన్ రిపబ్లిక్‌లోని పుంటా కానాకో వెళ్తే వర్తించదు. ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థులకైతే చుట్టుపక్కల దీవులకు కూడా వర్తిస్తుంది, ఒక్క క్యూబాకు తప్ప.

చాలామంది ఇక్కడిదాకా చదివి టికెట్లు కొనేస్తారు. మెక్సికో నిబంధన ఇంకొకటుంది. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లను ఆ దేశం విడిగా వీసా లేకుండా రానివ్వాలంటే, మామూలుగా చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసాగానీ గ్రీన్ కార్డుగానీ చూపించాలి. అంటే స్టాంపు గడువు దాటినవాళ్లను తిరిగి రానివ్వడానికి అమెరికాకు అభ్యంతరం లేదు గానీ, అసలు దిగడానికే మెక్సికో ఒప్పుకోదు. ముందుగా మెక్సికో కాన్సులేట్‌లో వీసా తీసుకోవాల్సిందే. లేకపోతే ఎయిర్‌లైన్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు.

ఇంకో మెలిక కూడా ఉంది. పాస్‌పోర్టు త్వరలో అయిపోయేలా ఉంటే, తిరిగొచ్చినప్పుడు ఇచ్చే కొత్త ఐ-94 ఆ పాస్‌పోర్టు తేదీకే ఆగిపోవచ్చు, చేతిలో ఎన్నేళ్ల హెచ్-1బీ అప్రూవల్ ఉన్నా సరే. దిగిన రోజే ఆన్‌లైన్‌లో ఐ-94 తీసి తేదీ చూసుకోవాలి. గ్రీన్ కార్డు దరఖాస్తు పెండింగ్‌లో ఉండి ఈఏడీ (పని అనుమతి కార్డు) మీదే నడుస్తున్నవాళ్లు అడ్వాన్స్ పెరోల్, అంటే తిరిగి రావడానికి ముందస్తు అనుమతి, లేకుండా దేశం దాటకూడదు. అమెరికాలో పుట్టిన పిల్లల పాస్‌పోర్టు అయిదేళ్లకే అయిపోతుందని చాలా ఇళ్లలో గుర్తుండదు. రిసార్ట్ రివ్యూల మీద పెట్టే టైములో పదోవంతు వీటి మీద పెడితే సగం టెన్షన్ తగ్గుతుంది.

తర్వాత చూసుకోవాల్సింది వారం. టెక్సస్ బడులకు మార్చి మధ్యలో సెలవులు, న్యూజెర్సీలో చాలా జిల్లాలకు ఈస్టర్ దగ్గర. రెండూ రద్దీ కాలాలే గానీ ఒకే రకం రద్దీ కాదు. మార్చి మధ్యలో అమెరికా కాలేజీ కుర్రకారు దిగుతుంది కాబట్టి రాత్రంతా మ్యూజిక్ మోత ఉంటుంది. ఈస్టర్ ముందు వారం మెక్సికన్లకు పెద్ద సెలవు. వాళ్లు కుటుంబాలతో వస్తారు, పిల్లలున్నవాళ్లకు ఆ సందడే నయం.

ఈ లెక్కలో సముద్రపు నాచునూ కలుపుకోవాలి. సర్గాసం అనే ఈ గోధుమరంగు నాచు 2011 నుంచి కరీబియన్ తీరాల మీదికి గుట్టలుగా కొట్టుకొస్తోంది. ఒడ్డున కుళ్లితే కోడిగుడ్డు మురిగిన వాసన. 2025 మే నెలలో అట్లాంటిక్‌లో 3 కోట్ల 75 లక్షల టన్నులు తేలుతోందని, అది రికార్డని సౌత్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం లెక్కగట్టింది. మెక్సికో నౌకాదళమే పడవలతో దాన్ని ఎత్తిపోసే పనిలో ఉంది. మామూలుగా ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా దీని బెడద ఎక్కువ, కొన్నేళ్లు మార్చిలోనే మొదలవుతుంది. కాబట్టి బడి సెలవుల్లో మీకు ఎంచుకునే వీలుంటే, మ్యూజిక్ మోత ఉన్నా, ముందుగా వచ్చే మార్చి వారమే మేలు. హోటల్ వెబ్‌సైట్‌లో ఉన్న నీలి నీళ్ల ఫొటో ఏ నెలలో తీశారో ఎవరూ రాయరు.

నాచు అన్ని తీరాలకూ ఒకేలా రాదు. కాన్‌కూన్‌కి దక్షిణంగా, తూర్పుకి తెరుచుకున్న తూలుం, ప్లాయా దెల్ కార్మెన్‌ ఊళ్లకు ఎక్కువ. ఇస్లా ముహేరెస్ దీవి ఉత్తరపు కొస, కొసుమెల్ దీవి పడమటి ఒడ్డు చాలావరకు బయటపడతాయి. కాన్‌కూన్ హోటల్ జోన్ 7 అంకె ఆకారంలో ఉంటుంది, లోపలివైపు లగూన్ (సముద్రానికి ఆనుకున్న మడుగు), బయట సముద్రం. 7 పైగీత ఉత్తరానికి తిరిగి ఉంటుంది. అక్కడ అలలు చిన్నవి, పిల్లలు మోకాలి లోతులో ఆడుకోవచ్చు. నిలువుగీత తూర్పున విశాల సముద్రానికి ఎదురుగా ఉంది. ఫొటోల్లో అందంగా కనిపించేది ఇదే, లాగేసే అలలుండేదీ ఇక్కడే. బీచ్‌లో జెండా ఎర్రగా ఉంటే ఈత వచ్చినవాళ్లు కూడా దిగకపోవడం మంచిది, నల్లగా ఉంటే అసలే దిగకూడదు. చిన్నపిల్లలతో వెళ్తూ తూర్పువైపు 'ఓషన్ వ్యూ' గదికి ఎక్కువ డబ్బు కట్టడం నాకెప్పుడూ అర్థం కాదు.

ఆ తీరం కూడా పూర్తిగా ప్రకృతి ఇచ్చింది కాదు. 1970లో మెక్సికో ప్రభుత్వం డాలర్ల కోసం, కొబ్బరితోటలూ కొద్దిమంది మత్స్యకారులూ తప్ప ఏమీ లేని చోట ఈ ఊరిని కట్టడం మొదలుపెట్టింది. 2005 అక్టోబరులో విల్మా తుపాను ఇసుకంతా ఊడ్చేసింది. సముద్రంలోంచి ఇసుక తోడి మళ్లీ పరిచారు, అదీ నిలవక కొన్నేళ్లకు ఇంకోసారి పరిచారు. 2009లో ఒక హోటల్ తన ముందున్న బీచ్ కోసం ఇసుక అక్రమంగా తోడి పోసిందన్న ఆరోపణతో అధికారులు ఆ బీచ్‌కి టేపు కట్టేశారు. ఇసుక రీచ్‌ల రాజకీయం చూసిన మనకు ఇదేమీ వింత కాదు. చట్టప్రకారం మెక్సికోలో బీచ్‌లన్నీ ప్రజలవే. దారులే హోటళ్ల మధ్య వెతుక్కోవాలి.

తిండీ తాగుడూ అన్నీ గది రేటులోనే కలిసిన 'ఆల్ ఇన్‌క్లూజివ్' పట్టీ చేతికి పడ్డాక చాలా కుటుంబాలు గేటు దాటవు. కట్టిన డబ్బుకు బయట తినడం దండగ అనిపిస్తుంది. ఆ లెక్కే రిసార్టుకు లాభం. శాకాహారులకైతే లోపల కూడా జాగ్రత్త అవసరం. రాజ్మాలా కనిపించే బీన్స్‌లో పంది కొవ్వు, అన్నంలో చికెన్ స్టాక్ పడటం మామూలే. 'సిన్ మాంతేకా' అంటే కొవ్వు వేయొద్దని. ఆ మాట నేర్చుకుంటే పని జరుగుతుంది. కారం లేదని దిగులుపడేవాళ్లు హబనేరో సాల్సా అడగాలి. యుకటాన్ మిరప అది, గుంటూరు కారం తిన్నవాళ్లకూ ముక్కులు కారుతాయి.

గేటు దాటదగ్గ చోటు చిచెన్ ఇట్సా, మాయా నాగరికత నాటి శిథిల నగరం. మార్చి 20, 21 ప్రాంతంలో పగలూ రాత్రీ సమానమైన రోజుల్లో, సాయంత్రపు ఎండకు అక్కడి పిరమిడ్ మెట్లగోడ మీద నీడ పాములా దిగుతుంది. నాలుగు వైపులా ఒక్కో వైపు 91 మెట్లు, పైన ఒకటి, మొత్తం 365. ఎక్కనివ్వరు. జనం విపరీతం గానీ, నీడ ఆ ఒక్కరోజే కాదు, అటూ ఇటూ కొన్ని రోజులు కనిపిస్తుంది. కాన్‌కూన్ నుంచి దాదాపు 200 కిలోమీటర్లు. చిచెన్ ఇట్సా పక్క రాష్ట్రంలో ఉంది, అక్కడి గడియారం కాన్‌కూన్‌కి గంట వెనక. వెళ్లేటప్పుడు గంట మిగులుతుంది, సాయంత్రం నీడ చూసి బయల్దేరితే ఆ గంటా పోయి, పిల్లలకు భోజనం బాగా ఆలస్యమవుతుంది. ఆ రాత్రికి దగ్గర్లోని వయ్యదోలిద్ ఊళ్లో గది తీసుకోవడం నయం. రిసార్టులో నాలుగు రాత్రులకు బదులు మూడే బుక్ చేస్తే ఖర్చూ సరిపోతుంది.