కోట చూడాలంటే ముందు నీళ్ల దారి పట్టండి

గోల్కొండ వెళ్లొచ్చిన వాళ్లను ఏం చూశారని అడగండి. కింద ద్వారం దగ్గర చప్పట్లు కొడితే పైన గుట్ట తల మీదున్న బాలా హిస్సార్ దాకా వినిపిస్తుందని చెబుతారు. రామదాసు బందిఖానా చూశామంటారు. పైకెక్కి ఫోటోలు దిగామంటారు. దాదాపు 400 అడుగుల గుట్ట మీద రాజు, రాణివాసం, కాపలా సైనికులు, నౌకర్లు, గుర్రాలు రోజూ ఏ నీళ్లు తాగి బతికారో మాత్రం చెప్పలేరు. తప్పు వాళ్లది కాదు. వాళ్లకు ఎవరూ చూపించలేదు.

మనం కోటలను చూపించే పద్ధతే తలకిందులుగా ఉంది. రాజుగారి గదితో మొదలుపెట్టి రాజుగారి గదితోనే ముగిస్తాం. ప్రేమకథ, వెన్నుపోటు, గుప్తనిధి, సొరంగం: ఈ నాలుగింట్లో కనీసం రెండైనా లేని కోట పరిచయం తెలుగులో దొరకడం కష్టం. కోట ఎక్కడ కట్టాలి, అందులో ఎంతమంది ఉండాలి, శత్రువు చుట్టుముడితే ఎన్నాళ్లు తట్టుకోవాలి అన్నవి తేల్చింది మాత్రం చెరువు, కోనేరు, బావి, వాన నీటి గుండం. కోట యాత్ర అక్కడే మొదలవ్వాలి. గైడ్లకు ఇచ్చే శిక్షణ, పెట్టే బోర్డులు, ఖర్చు పెట్టే కోట్లు, స్కూలు పిల్లల ఎక్స్‌కర్షన్లు అన్నీ ఆ లెక్కన మారాలి. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే.

గోల్కొండనే తీసుకుందాం. కాకతీయుల నాటి మట్టికోట కుతుబ్‌షాహీల చేతిలో రాతికోటగా పెరిగిన కథ అందరికీ తెలుసు. కిలోమీటర్ల కొద్దీ సాగే బయటి ప్రాకారం, 87 బురుజులు, 8 దర్వాజాలు అన్న లెక్కా తెలుసు. ఈ కోటకు తాగునీరు కొన్ని కిలోమీటర్ల అవతల ఉన్న దుర్గం చెరువు నుంచి వచ్చేది. గుట్ట అడుగున తొట్లలో చేరిన నీటిని పర్షియన్ చక్రాలతో, అంటే పశువులు తిప్పితే వరుస కుండలతో నీళ్లు తోడే చక్రాలతో, ఒక మెట్టు పైకి ఎత్తేవారు. అక్కడి తొట్టి నుంచి ఇంకో మెట్టు, అక్కడి నుంచి మరో మెట్టు. మోటారు అనేదే లేని కాలంలో అంచెలంచెలుగా నీళ్లు గుట్ట తలకు చేరాయి. మధ్యలో దారంతా మట్టి గొట్టాలు.

ఆ గొట్టాలు ఇప్పటికీ ఉన్నాయి. గోడ పెచ్చులూడిన చోట్ల వాటి నోళ్లు కనిపిస్తాయి. ఒకదాని మూతిలోకి ఇంకోదాన్ని దూర్చి చుట్టూ గచ్చుతో బిగించిన పనితనం వేలితో తడిమి చూడొచ్చు. నేను చూసిన ఒక గొట్టం నోట్లో చిప్స్ ప్యాకెట్ కుక్కి ఉంది. పక్కన బోర్డేమీ లేదు. చరిత్ర మీద గౌరవం లేక ఎవరో అలా చేశారని నేననుకోను. పాత డ్రైనేజీ పైపు అనుకుని ఉంటారు. నాలుగు వందల ఏళ్ల కిందటి ఇంజనీరింగ్ కళ్లెదుటే ఉన్నా అది ఏమిటో చెప్పే నాలుగు వాక్యాల బోర్డు పెట్టకపోతే మామూలు మనిషికి ఎలా తెలుస్తుంది?

1687 ముట్టడి గురించి గైడ్లు చెప్పేది వినండి. ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు కోట బయట పడిగాపులు కాసింది, చివరికి అబ్దుల్లా ఖాన్ పనీ అనేవాడు తలుపు తీశాడు, చివరి కుతుబ్‌షాహీ సుల్తాను తానీషా పట్టుబడ్డాడు. కథంతా ఆ ఒక్క రాత్రి చుట్టూ తిరుగుతుంది. దానికి ముందు గడిచిన ఎనిమిది నెలల మాటేమిటి? మొఘలుల ఫిరంగులు గోడలను బద్దలు కొట్టలేకపోయాయి. బయట ఉన్న మొఘల్ శిబిరమే వానలతో, కరువుతో నానా యాతన పడింది. లోపలి వాళ్లు నిలబడ్డారంటే గోడల మందం ఒక్కటే కారణం కాదు. లోపల ధాన్యం ఉంది, నీళ్లున్నాయి. ఆ ఎనిమిది నెలలను వివరించగలిగేవి మట్టి గొట్టాలు, తొట్లు, కొట్లు. తలుపు తీసిన మనిషి గురించి చెప్పే పది నిమిషాల్లో రెండు నిమిషాలు వాటికి కేటాయించినా వినేవాళ్లకు కోట అర్థమవుతుంది.

గండికోటలో ఈ లోపం ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. భారతదేశపు గ్రాండ్ కాన్యన్ అని ఎప్పుడైతే పేరు పడిందో, అప్పటి నుంచి జనం కోటకు వీపు పెట్టి నిలబడటం మొదలైంది. తెల్లవారుజామున పెన్నా లోయ అంచున సూర్యోదయం, ఇన్‌స్టాగ్రామ్ రీల్, టెంట్‌లో బస, తిరుగు ప్రయాణం. వెనకాల పెమ్మసాని నాయకుల కోట, మాధవరాయస్వామి గుడి, జామా మసీదు, బ్రహ్మాండమైన ధాన్యాగారం ఉన్నాయి. కాస్త తీరికున్న వాళ్లు వాటినీ చుట్టి వస్తారు. వాళ్లలో కూడా చాలామంది కత్తుల కోనేరు దగ్గర ఆగేది యుద్ధం తర్వాత అక్కడ కత్తులు కడిగితే నీళ్లు ఎర్రబడ్డాయన్న కథ విని ఫోటో తీసుకోవడానికే.

ఆ లోయ అంచునే నిలబడి ఒక్కసారి ఆలోచించండి. 300 అడుగుల కింద నది పారుతోంది. కంటికి కనిపిస్తుంది, చేతికి అందదు. నిట్టనిలువు రాతిగోడ దిగి బిందె నింపుకొని పైకి రావడం రోజూ అయ్యే పనేనా? ఇక ముట్టడి సమయంలో అసలు కుదరదు. నది కోటకు కందకంలా పనికొచ్చింది తప్ప దాని మీద ఆధారపడి ఊరు బతకలేదు. అందుకే పైన రాయల చెరువు తవ్వారు, కోనేర్లు తవ్వారు, కాలువలు తీశారు, ఆ నీళ్లతోనే తోటలూ పెంచారు. అది రాయలసీమ. వాన ఎప్పుడు పడుతుందో తెలియని చోట పడిన ప్రతి చుక్కనూ గుట్ట మీదే ఆపడం ఎలాగో తెలిసిన వాళ్లు కట్టిన ఊరది. నా దృష్టిలో లోయ కన్నా గొప్ప వింత ఇది. లోయను నది చెక్కింది. చెరువును మనుషులు లెక్కలు వేసుకుని తవ్వారు.

మిగతా కోటలదీ ఇదే సంగతి. భువనగిరిలో ఏకశిల మీద పడిన వాన నీటిని గుండాల్లో పట్టారు. కొండవీడు రెడ్డిరాజుల రాజధాని కాగలిగిందంటే కొండ మీద మూడు చెరువులుండటం చిన్న విషయం కాదు.

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. జనం సరదాగా గడపడానికి వస్తారు, చెరువు పాఠాలు వినడానికి రారు, రోప్‌వేలు, లైట్ అండ్ సౌండ్ షోలు ఉంటేనే టికెట్లు తెగుతాయి, స్థానికులకు పని దొరుకుతుంది అంటారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, నడవలేని వాళ్లు భువనగిరి శిఖరం చూడాలంటే రోప్‌వే ఉండాల్సిందే, దానికి నేను అడ్డు చెప్పను. కానీ పైకి చేర్చాక ఏం చూపిస్తారు? గాలి, ఎత్తు, సెల్ఫీ పాయింట్ ఏ గుట్ట మీదైనా దొరుకుతాయి. భువనగిరికే వెళ్లాల్సిన కారణం భువనగిరిలోనే ఉండాలి కదా.

పైగా ఇది ఎక్కడా జరగని పనేమీ కాదు. 2013లో రాజస్థాన్ కొండకోటలు ఆరింటిని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చిత్తోడ్‌గఢ్, కుంభల్‌గఢ్, రణథంబోర్, గాగ్రోన్, ఆంబేర్, జైసల్మేర్. అందుకు యునెస్కో రాసుకున్న వివరణలోనే ఈ కోటల్లోని విస్తారమైన నీటి సేకరణ కట్టడాల ప్రస్తావన ఉంది. వాటిలో చాలావరకు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయని కూడా రాశారు. అంటే ప్రపంచానికి చూపించాల్సిన గొప్పల్లో గోడలతో పాటు నీళ్లనూ లెక్కలోకి తీసుకున్నారు.

అందులో జైసల్మేర్ కథ మన వాళ్లందరూ తెలుసుకోవాల్సింది. అది ఇప్పటికీ జనం కాపురాలుంటున్న కోట. ఒకప్పుడు కింద ఉన్న గడీసర్ చెరువు నుంచి బిందెలతో మోసుకొచ్చిన నీళ్లే వాళ్లకు ఆధారం. మోసుకొచ్చిన నీళ్లను ఎవరైనా పొదుపుగానే వాడతారు. తర్వాత కుళాయిలొచ్చాయి, పర్యాటకుల కోసం హోటళ్లు, గెస్ట్‌హౌస్‌లు, వాటితో పాటు బాత్రూమ్‌లు వచ్చాయి. వాడిన నీళ్లు సరిగ్గా బయటికి పోయే దారి లేక గుట్ట అడుగులోకి ఇంకాయి. ఎడారిని, దండయాత్రలను వందల ఏళ్లు తట్టుకున్న కోటలో 1990లలో బురుజులు కూలాయి. నీటి లెక్క తెలియకుండా పర్యాటకాన్ని పెంచితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ ఏం కావాలి? గండికోట అంచున టెంట్లు, రిసార్టులు పెరుగుతున్న ఈ రోజుల్లో వాటికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, వాడిన నీళ్లు ఎటు పోతున్నాయి అన్న ప్రశ్న ఇప్పుడే వేసుకోవాలి. 2024లో గండికోట అభివృద్ధికి కేంద్రం సుమారు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అందులో రాయల చెరువు, కోనేర్లు, పాత కాలువల పూడికతీతకు మొదటి వాటా దక్కాలి. వ్యూ పాయింట్లు తర్వాత.

వరంగల్ గురించి చెప్పేటప్పుడు బాధ కలుగుతుంది. కాకతీయ ఆలయాలు, తోరణాలు అన్న పేరుతో 2014లో యునెస్కో తాత్కాలిక జాబితాకు వెళ్లిన దాంట్లో వరంగల్ కోట, వేయి స్తంభాల గుడి, రామప్ప కలిసి ఉన్నాయి. 2021లో ప్రపంచ వారసత్వ హోదా రామప్ప గుడి ఒక్కదానికే దక్కింది. సంతోషమే. కానీ కాకతీయులు గుడి కట్టిన చోట చెరువు తవ్వారు, చెరువు కింద ఊరు నిలబెట్టారు. రామప్ప గుడి పక్కనే రామప్ప చెరువు అందుకే ఉంది. వరంగల్‌లోనూ రాతికోట చుట్టూ అగడ్త, దాని బయట మట్టికోట, దానికి మళ్లీ అగడ్త, లోపల మెట్ల బావులు. ఇవాళ కోట చూడటమంటే నాలుగు తోరణాల మధ్య నిలబడి ఫోటో దిగి, ఖుష్ మహల్‌లోకి తొంగిచూసి రావడమే. మట్టికోట మీదుగా బస్సులో దాటిపోయిన వాళ్లలో అది కోటగోడ అని గుర్తుపట్టే వాళ్లు తక్కువ.

అసలు చిక్కు ఎక్కడుందో ఇక్కడ అర్థమవుతుంది. మన వారసత్వ చట్టం కట్టడాన్ని చూస్తుంది, దాన్ని బతికించిన పరివాహక ప్రాంతాన్ని చూడదు. 2010 సవరణ ప్రకారం రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణాలు నిషేధం, ఆపై మరో 200 మీటర్లు నియంత్రణ. మొత్తం 300 మీటర్లు. గోల్కొండకు నీళ్లిచ్చిన చెరువు కిలోమీటర్ల అవతల ఉంది. చట్టం కళ్లకు ఆ రెండింటికీ సంబంధమే లేదు.

దుర్గం చెరువు ఇప్పుడెలా ఉందో హైదరాబాద్ వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఒకప్పుడు ఒక రాజధాని గొంతు తడిపిన నీళ్లలోకి ఐటీ కారిడార్ మురుగు చేరింది. 2020లో తీగల వంతెన వచ్చాక సాయంత్రాలు జనం పెరిగారు, వెలుగులు పెరిగాయి. 2024లో చెరువు పరిధిలోని ఇళ్లకు నోటీసులు అందినప్పుడు మాత్రం ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు), బఫర్ జోన్ (ఆ హద్దు చుట్టూ కట్టడాలు లేకుండా వదలాల్సిన జాగా) అన్న మాటలు టీవీ చర్చల్లోకి ఎక్కాయి. ఆ చర్చల్లో అన్నీ వచ్చాయి, గోల్కొండ తప్ప. చెరువును రియల్ ఎస్టేట్ తగాదాగా చూశాం. అది ఒక కోటలో సగం అని, ఆ సగం పూడిపోతే గుట్ట మీద మిగిలేది రాళ్ల కుప్పేనని ఎవరూ అనలేదు.

హైదరాబాద్ పుట్టుక వెనకాల కూడా ఇదే ఉంది. కిక్కిరిసిపోయిన గోల్కొండలో నీటి ఎద్దడి, అంటురోగాలు 1591లో మూసీ అవతల కొత్త నగరానికి దారితీసిన కారణాల్లో ఒకటని చరిత్ర పుస్తకాల్లో చదువుకున్నాం. అంతకు ముందే, ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, హుస్సేన్ సాగర్ తవ్వించారు. 1908 మూసీ వరదల తర్వాత ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వచ్చాయి. ఈ నగరంలో ప్రతి పెద్ద మలుపూ నీటి దగ్గరే తిరిగింది. ఆ సంగతి చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిలిచే నేలలో, ప్లాటు కొనబోయే మనిషికి తెలిసి ఉంటే ఒక్క క్షణం ఆగుతాడు. అది తెలియజెప్పడానికి గోల్కొండను మించిన బడి లేదు. దుర్గం చెరువు కట్ట దగ్గర పిల్లల్ని దించి, కోట దగ్గరి పాత నీటి కొలను కటోరా హౌజ్ చూపించి, మట్టి గొట్టాల వెంబడి మెట్లెక్కిస్తూ బాలా హిస్సార్ చేర్చే ఒక్క రోజు యాత్రను ఏ పర్యాటక శాఖ అయినా పెద్ద ఖర్చు లేకుండా మొదలుపెట్టొచ్చు. కోట లోపలే తరతరాలుగా ఉంటున్న కుటుంబాల పిల్లలకు శిక్షణ ఇస్తే గైడ్లూ దొరుకుతారు.

శాఖలు కదిలే దాకా ఆగక్కర్లేదు. వెళ్లే నెల మార్చుకోండి. అందరూ డిసెంబరు, సంక్రాంతి సెలవుల్లో వెళ్తారు. తెలంగాణ కోటలకు ఆగస్టు, సెప్టెంబరు మంచివి. గుండాల్లో నీళ్లుంటాయి, అగడ్తల్లో నీళ్లుంటాయి, వాలు ఎటుందో కంటికి కనిపిస్తుంది. గండికోటకు అక్టోబరు, నవంబరు చూసుకోండి. భువనగిరి రాయి మాత్రం తడిస్తే జారుతుంది, వాన వెలిసి ఎండ బాగా కాశాకే ఎక్కండి.