మన్యం రైతుకు వాన లెక్క తెలియదా?

వాట్సాప్ గ్రూపుల్లో తరచూ తిరిగే వాదన ఇది: పాడేరు, అరకు, చింతపల్లి కొండల్లోని గిరిజన రైతులకు వాతావరణ మార్పు అంటే ఏంటో తెలియదు. ఏడాది వర్షపాతం పెద్దగా తగ్గలేదు కాబట్టి వానలు మారాయనే వాళ్ల మాట భ్రమ. ఒకవేళ మారినా, కొండ మీది అడవి నరికి, కాల్చి పోడు సేద్యం చేస్తూ వాళ్లే మార్చుకున్నారు. చోడి (రాగి), సామ వదిలేసి కాఫీ వేసుకుంటే కష్టాలు తీరిపోతాయి. ఇందులో ఒకచోట సగం నిజం ఉంది. దాన్నీ దాచకుండా చూద్దాం.

ముందు వర్షపాతం మాట. ఏడాది మొత్తం ఎంత పడిందనే లెక్క చెరువుకు కావాలి. కొండవాలు చేనుకు కావలసింది వాన వరస. ఎర్ర గరప నేల, అడుగు లోతు అనుకోండి. పైరుకు అందేలా అది పట్టి ఉంచే నీరు 30-35 మిల్లీమీటర్లే. ఎదిగిన చోడి పైరు రోజుకు నాలుగైదు మిల్లీమీటర్లు తాగుతుంది. వాన ఆగిన వారానికే నేల ఖాళీ. జూలైలో 200 మిల్లీమీటర్లు పదిహేను రోజులకు సర్దుకుని పడితే పైరు నిలుస్తుంది. అదే వాన మూడు రోజుల్లో దంచితే, నేల నిండగా మిగిలింది మట్టిని కూడా వెంటబెట్టుకుని గెడ్డలోకి (కొండవాగులోకి) పోతుంది. నెలాఖరుకు వర్షమాపకం మాత్రం రెండింటికీ ఒకే అంకె చూపిస్తుంది. మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వానలు 1950-2015 మధ్య మూడు రెట్లయ్యాయని 2017లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. “వాన పడుతోంది గానీ అదనుకు పడటం లేదు” అని రైతు చెప్పేది ఈ సంగతే.

ఇక ‘తెలియదు’ అనే మాట. ‘వాతావరణ మార్పు’ అనే పేరు రైతుకు తెలియకపోవచ్చు, కొలత మాత్రం ఉంది. చైత్రంలో గిరిజనులు చేసుకునే ఇటుకల పండగకు విత్తనం బయటికి తీయడం, మృగశిరలో దుక్కి, ఆరుద్రలో విత్తు, ఆగస్టు నడిమి నుంచి మఖ, పుబ్బ వానలు. ‘మఖ పుబ్బలు వరుపైతే మీ అన్న సేద్యం, నా సేద్యం మన్నే’ (వరుపంటే వాన లేకపోవడం) అనే సామెత ఊరికే పుట్టలేదు. ఏ పని ఏ కార్తె నుంచి ఏ కార్తెకు జరిగిందో రైతు చెబితే అది రికార్డే. ఈ రికార్డులోనూ లోపం ఉంటుంది. బాగా దెబ్బతిన్న సంవత్సరం గుర్తుండిపోయి, మామూలు సంవత్సరాలు మరుగున పడతాయి. అందుకని దాన్ని వర్షమాపకం రోజువారీ లెక్కతో పక్కపక్కన పెట్టి చదవాలి, కొట్టిపారేయకూడదు.

పోడు సంగతి: సగం నిజం ఇక్కడుంది. బీడు పెట్టే ఏళ్లు తగ్గి, ఏటవాలు మీద అదే చెక్కను మళ్లీ మళ్లీ కాలిస్తే పైమట్టి పోతుంది, ఊటలు తగ్గుతాయి. ఇది నేలకు జరిగే నష్టం. బంగాళాఖాతం వేడెక్కడానికీ, రుతుపవనాల నడక మారడానికీ కొండ మీది పోడు చెక్కను కారణం చేయడం కుదరదు. దేశంలో తలసరి కార్బన్ డయాక్సైడ్ ఉద్గారం ఏడాదికి రెండు టన్నుల దగ్గర ఉంది, ప్రపంచ సగటులో సగం కూడా కాదు. మోటారు బండి లేని కొండ గూడెం వాటా అందులో ఎంతో ఊహించుకోవచ్చు.

చోడి, సామ వదిలేయాలనే సలహా మరీ ప్రమాదకరం. సామ 70-90 రోజుల్లో కోతకొస్తుంది, చోడికి 100-120 రోజులు, కందికి ఆరు నెలలు. ఒకే చేలో కలిపి వేస్తే ఏ వారం ఎండ కాసినా మూడూ ఒకే దశలో దొరకవు. కొత్త మార్పులూ ఈ పంటల్లోనే వస్తున్నాయి. గుళి చోడి పద్ధతినే చూడండి. వెదజల్లితే ఎకరాకు నాలుగైదు కిలోల విత్తనం పోతుంది, ఇందులో అర కిలో సరిపోతుంది. అడుగున్నర ఎడంతో గుంటలు తీసి, గుంటకు రెండు చొప్పున 15-20 రోజుల నారు నాటుతారు. మొక్కలు కుదురుకున్నాక తేలికపాటి దుంగను చేను మీదుగా లాగితే అవి వంగి, మొదలు దగ్గర పిలకలు దట్టంగా వస్తాయి. వాన ఆలస్యమైతే నారుమడిని కుండలతో తడిపి కాపాడుకోవచ్చు. వెదజల్లిన చేనుకు ఆ వీలు లేదు.

ఇబ్బందులూ చెప్పాలి. ఆ ఎడంతో ఎకరాకు దాదాపు 20 వేల గుంటలు పడతాయి. గుంటకు పిడికెడు పశువుల ఎరువు, వంద గ్రాములే అనుకున్నా, రెండు టన్నులు. దాన్ని తట్టల్లో కొండెక్కించాలి. పథకాల అంచనాల్లో ఈ మోత కూలి కనిపించదు. చాలాచోట్ల గుళి పద్ధతి ఇంటి పక్క గరువు (మెట్ట చెక్క) దాటి పైకి వెళ్లకపోవడానికి కారణం అదే. బాగా వాలున్న చోట దుంగ లాగడమూ కుదరదు. నారు నెల దాటితే పిలకలు తగ్గుతాయి. యూరియా ఎక్కువేసి, ఆపైన ముసురు పట్టిందంటే అగ్గితెగులు ఖాయం.

కాఫీ డబ్బు తెచ్చింది, కాదనలేం. అయితే వాతావరణం మారితే కాఫీకి ఏమీ కాదనుకోవడం విడ్డూరం. మొగ్గ సిద్ధమయ్యాక మార్చి-ఏప్రిల్‌లో అంగుళం వాన పడాలి. అప్పుడు తొమ్మిది పది రోజులకు పూత విచ్చుకుంటుంది. చినుకులతో సరిపెడితే మొగ్గ సగంలో ఆగిపోతుంది. పూత రోజునే జోరువాన పడితే పుప్పొడి కొట్టుకుపోతుంది. పండు కోసే నవంబరు, డిసెంబరుల్లో తుపాను ముసురు పడితే పండు రాలుతుంది, కోసినదేమో ఆరక బూజు పడుతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఇంకో పాఠం చెప్పింది. నీడకోసం వేసిన సిల్వర్ ఓక్ చెట్లు కూలి తోటల్లో ఎండ పడింది. కాండం తొలిచే తెల్లపురుగు ఎండ తగిలే అరబికా రకం కాఫీ కాండం మీదే గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది. దాని రెక్కపురుగులు ఏప్రిల్-మేలో ఒకసారి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మరోసారి ఎగురుతాయి. అందుకే మార్చిలోనూ సెప్టెంబరులోనూ చెట్టు చెట్టూ చూసి, కాండం మీద ఉబ్బిన గీతలున్నవాటిని పీకి కాల్చేయాలి. మిగతా వాటికి లోపలి పచ్చపొర గాయపడకుండా పొడిబెరడు రుద్ది, 200 లీటర్ల నీళ్లలో 20 కిలోల సున్నం కలిపి కాండానికి పట్టించాలి. నీడకు ఒకే జాతి కాకుండా పనస, నేరేడు, మేడి కూడా ఉంటే ఒక్క గాలికి తోట మొత్తం బోడిగా మారదు. పైగా కాఫీ మొక్క పెట్టిన మూడు నాలుగేళ్ల దాకా కాపు ఉండదు. ఆ నాలుగేళ్లూ ఇంట్లో అంబలి కాగేది వదిలేయమన్న ఆ చోడితోనే.