515001 గారికి, అనంతపురం నుంచి

515001 గారికి,

నమస్కారం. మీరు మా టౌన్ పిన్ కోడ్. దేశానికి పిన్ కోడ్లు వచ్చింది 1972 ఆగస్టు 15న. ఉత్తరాల మీద మిమ్మల్ని రాసినవాళ్లే తప్ప, మీ జాతకం చూసినవాళ్లు ఎవరూ ఉండరు. మొన్న ఆ తీరిక నాకు దొరికింది. శెనక్కాయ పంట నష్టం ఫారం పట్టుకుని ఒక ఆఫీసులో కూర్చున్నాను. నా టోకెన్ 84, లోపల నడుస్తున్నది 11. ఆరు గళ్లలో మిమ్మల్ని రాశాక ఏం తోచక, ఫారం వెనక లెక్క మొదలుపెట్టాను.

అంకెలు కూడితే 12, కాబట్టి 3తో పోతారు. మిగిలిన 1,71,667 మాత్రం మొండిది. 7, 11, 13 దేనికీ లొంగలేదు. మధ్యలో ఒక టీ అయిపోయింది. చివరికి 41 దగ్గర విరిగింది: 3 × 41 × 53 × 79.

6 ఉంది చూడండి, దాన్ని పక్కనపెట్టి మిగతా కారణాంకాలు 1, 2, 3 కూడితే మళ్లీ 6. పరిపూర్ణ సంఖ్య. మిమ్మల్ని పక్కనపెట్టి మీ కారణాంకాలు పదిహేనూ కూడితే 2,10,759. అంటే 3,04,242 తక్కువ. మీరు లోటు సంఖ్య! లోటు వర్షపాతం జిల్లాకు లోటు పిన్ కోడ్. నంబరు వేసిన మహానుభావుడికి వాన సంగతి ముందే తెలుసేమో. నిజం చెప్పాలంటే బేసి సంఖ్యలకు ఇది పుట్టుజబ్బు, 945 వచ్చేదాకా ఒక్కదానికీ లోటు తీరదు.

పోనీ సంతోషమైనా ఉందా అంటే, అదీ లేదు. అంకెల వర్గాలు కూడుతూ పోతే చివరికి 1 రావాలి, అప్పుడే హ్యాపీ నంబరు. మీరు 52, 29, 85, 89. ఇక అక్కడి నుంచి గానుగెద్దు తిరుగుడే, తిరిగి తిరిగి మళ్లీ 89. అదే కర్నూలు 518001 చూడండి: 91, 82, 68, 100, 1. హ్యాపీ! వాళ్లకు ఊరి పక్కనే తుంగభద్ర, 1953లో రాజధాని యోగం, ఇప్పుడు ఇది కూడానా? కడప 516001 మాత్రం పాపం మీ జట్టే.

మహారాష్ట్రలోని దేవలాలీ బడిపంతులు కాప్రేకర్ హర్షద సంఖ్యలని పేరు పెట్టారు, అంటే సంతోషాన్నిచ్చేవి. అంకెల మొత్తంతో నిశ్శేషంగా పోవాలి. మీరు 12తో పోరు. సున్నాలు, ఒకట్లు మాత్రమే ఉండే కంప్యూటర్ భాషలో రాస్తే మీలో 14 ఒకట్లు. ఒకట్లు సరి సంఖ్యలో ఉంటే ‘ఈవిల్’ నంబరట. లోటు, దిగులు, పైగా దుష్టత్వం. ఇన్ని కేటగిరీలున్నా పైసా సాయం రాదంటే, మీరు అచ్చం మా మండలమే సార్.

సాయంత్రం నా టోకెన్ పిలిచారు. కౌంటర్‌లో ఆయన ఫారం తిప్పి, వెనకున్న లెక్క చూసి, ముందుకు తిప్పి మిమ్మల్ని ఎర్ర పెన్నుతో కొట్టేశాడు.

“ఇది టౌన్‌ది కదప్పా. పొలం ఏ ఊర్లో ఉంటే ఆ ఊరి పిన్ రాయాల. రేపు రా.”

ఇట్లు,
టోకెన్ నంబరు 84