రోజులు పెంచి హక్కు కోశారు

2025 డిసెంబరు 18, గురువారం పగలు లోక్‌సభ, అర్ధరాత్రి దాటాక రాజ్యసభ. ఇరవై ఏళ్ల ఉపాధి హామీ చట్టాన్ని రద్దు చేసి దాని స్థానంలో ‘వీబీ జీ రామ్ జీ’ అనే కొత్త ఉపాధి బిల్లును గట్టెక్కించారు. ప్రవేశపెట్టింది మంగళవారమే. పరిశీలనకు పార్లమెంటు స్థాయీ సంఘానికి పంపమన్న విపక్షాల మాట ఎవరూ చెవిన పెట్టలేదు. గాంధీ పేరు తీసేశారన్న గొడవలో అంతకన్నా పెద్ద కోత మరుగున పడిపోతోంది.

ఏడాదికి ఇంటికి వంద రోజుల పనిని 125 రోజులు చేశాం కదా అంటోంది కేంద్రం. పనికి రానివారికి హాజరు వేసే దొంగ మస్టర్లున్న మాటా నిజమే. వాటిని పట్టుకోవడానికి ఊరి జనం ముందే లెక్కలు తేల్చే సామాజిక తనిఖీ ఉంది. హక్కును కోయనక్కర్లేదు.

ఇప్పటిదాకా కూలీ పని అడిగితే 15 రోజుల్లో చూపించాలి, కూలి డబ్బు ఎంతయితే అంత కేంద్రం భరించాలి. ఇకపై ఏ రాష్ట్రానికి ఎంతో కేంద్రమే ముందుగా తేలుస్తుంది. అందులోనూ 40 శాతం మన రాష్ట్రాలే పెట్టుకోవాలి. ఆ పరిమితి దాటితే ఖర్చంతా రాష్ట్రం నెత్తినే. సీలింగు పెట్టాక ఇంకెక్కడి హామీ? వంద రోజులున్నప్పుడే ఇంటికి సగటున దక్కింది 50 రోజులు. పొద్దున, మధ్యాహ్నం చెరువు గట్టున హాజరు యాప్‌లో ఫొటో పడకపోతే కూలీకి ఆ రోజు మస్టరు పోతుంది. కూలి డబ్బులు పదిహేను రోజులు దాటినా పడకపోతే మాత్రం ఆచరణలో ఎవరికీ ఏమీ పోదు.

పైగా నాట్లు, కోతల కాలంలో ఏడాదికి 60 రోజులు పనులు ఆపవచ్చట. వరి కోతకు ఊరూరా హార్వెస్టర్లు దిగాక కూడా కూలీల కొరత పేరే చెబుతున్నారు. నాట్లకు పిలిస్తే ‘ఇంతిస్తేనే వస్తాం’ అని ఆడకూలీలు అనగలిగారంటే, రోజుకు 307 రూపాయల (2025-26 రేటు) ఉపాధి పని ఉందన్న ధైర్యంతోనే. సరిగ్గా బేరమాడే రోజుల్లోనే ఆ ధైర్యం లాగేసుకుంటున్నారు.

పార్లమెంటు ఇచ్చిన హక్కుకు ఢిల్లీలో కూర్చుని సీలింగు వేయొచ్చని ఇవాళ ఒప్పుకుంటే, రేపు ఆహార భద్రత చట్టానికీ అదే కత్తెర పడుతుంది. అప్పుడు అడ్డుపడే నోరు ఎవరికి ఉంటుంది?

2006 ఫిబ్రవరి 2న ఈ పథకం మొదలైంది అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. ఆ ఆంధ్రప్రదేశ్ నుంచే గెలిచిన ఎన్డీయే ఎంపీలు బిల్లు వైపు నిలిచారు. అప్పులతో నెట్టుకొస్తున్న ఖజానా ఆ 40 శాతం ఎక్కడి నుంచి తెస్తుందో వారిలో ఒక్కరైనా లెక్క వేశారా? వేసి ఉంటే ఆ లెక్క పట్టుకుని ఉపాధి కూలీల దగ్గరికి వెళ్లి చెప్పండి. వేయకుండానే తల ఊపి ఉంటే, వచ్చే ఎన్నికల్లో జాబ్ కార్డున్న ఇంటి గడప తొక్కకండి.