పేరుకే గుడ్డ సంచి

తెల్లారకముందే రైతుబజారుకు వచ్చి గోనెపట్టా పరుచుకున్న ఆకుకూరల ఆవిడ దగ్గర పావుకిలో కవర్లు దొరికాయని జరిమానా రాశారు. అప్పటికింకా బోణీ కూడా కాలేదు. అవే కవర్లను కట్టలకు కట్టలు అమ్మే హోల్‌సేల్ కొట్టు రెండు వీధుల అవతల ఎప్పటిలాగే తీసి ఉంది. గోదావరి డెల్టాలో ఏ పట్టణం చూసినా పల్చటి ప్లాస్టిక్ కవర్ల నిషేధం అమలు ఇలాగే ఉంది. దీన్ని మించిన వింత ఇంకొకటి: కవరు మానేసి వాడమంటున్న ‘గుడ్డ సంచి’ కూడా ప్లాస్టిక్కే.

నమ్మకం లేకపోతే బట్టల షాపులోనో స్వీట్ల షాపులోనో చేతికిచ్చే రంగు సంచి అంచుకు అగ్గిపుల్ల పెట్టి చూడండి. నూలు గుడ్డయితే కాలి బూడిదవుతుంది. ఇది ముడుచుకుపోయి, కరిగి, బొట్లు బొట్లుగా కారుతుంది. నాన్ వోవెన్ అని పిలిచే ఈ సరుకు మామూలుగా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. పత్తి ఎరగదు, మగ్గం ఎరగదు. ప్లాస్టిక్ పోగుల్ని వేడితో అతికించి గుడ్డలా కనిపించేట్టు చేస్తారు. కేంద్రం 2021 ఆగస్టులో సవరించిన నిబంధనలే దీన్ని ప్లాస్టిక్ సంచి కింద లెక్కగట్టి, చదరపు మీటరుకు 60 గ్రాములకు తగ్గకూడదన్నాయి. మామూలు కవరయితే 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం ఉండాలి. తయారీదారు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, మందం కవరు మీదే అచ్చు వేయాలని 2016 నాటి నిబంధనలే చెప్పాయి. మన బజారులో తిరిగే కవర్లలో ఆ అచ్చు ఉన్నదొకటి వెతికి చూపించండి! షాపు పేరూ ఫోన్ నంబరూ మాత్రం అరచేయంత అక్షరాల్లో ఉంటాయి.

తడి చేపలు దేనిలో ఇవ్వాలి, పెరుగు దేనిలో కట్టాలి అని వ్యాపారులు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. నాన్ వోవెన్ సంచిని మళ్లీ మళ్లీ వాడితే నష్టం లేదనేవాళ్లూ ఉన్నారు. వాడితే కదా! బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో లెక్క వేసింది. ఒక్కసారి వాడి పారేసే పల్చటి కవరు కన్నా వాతావరణానికి మేలనిపించుకోవాలంటే నాన్ వోవెన్ సంచిని 11 సార్లు, నూలు సంచిని 131 సార్లు వాడాలట. వారానికో సంత చొప్పున 131 అంటే రెండున్నరేళ్లు. మన ఇళ్లలో తలుపు వెనక మేకుకు వేలాడిన సంచి అంతకంటే ఎక్కువే బతికింది. ప్యాంటు కుట్టగా మిగిలిన గుడ్డతో కుట్టించినది, రేషన్ షాపుకీ అదే, పిండిమరకీ అదే. వైరు బుట్టా ప్లాస్టిక్కే, కాదనం. కానీ అమ్మ పెళ్లయిన కొత్తలో అల్లుకున్న బుట్టలో ఇవాళ్టికీ కూరలు తెచ్చుకునే ఇళ్లున్నాయి. ఇప్పటి నాన్ వోవెన్ సంచికి రెండు కిలోల దుంపలు వేస్తే మూడోసారికే చెవి ఊడుతుంది.

చెవి ఊడిన సంచి ఎక్కడ తేలుతుందో వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు గట్టు మీద నిలబడితే తెలుస్తుంది. ధవళేశ్వరం నుంచి నీళ్లు ఆగిన నాలుగు రోజులకు లాకుల దగ్గర, తూముల నోట గుర్రపుడెక్కతో పెనవేసుకుపోయిన సంచులు బయటపడతాయి. బురదలో సగం దిగి, చెవులు మాత్రం పైకి కనిపిస్తుంటాయి. 1852లో ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ ఈ సీమకు అన్నం పెడుతున్న కాలువలివి. ఊరి మంచినీళ్ల చెరువు నిండేదీ వీటితోనే.

ఇక పెద్దల సంగతి. ప్లాస్టిక్ వద్దని చెప్పే సభకు ఫ్లెక్సీ కడతారు. 100 మైక్రాన్లలోపు పీవీసీ బ్యానర్లను 2022 జూలై 1 నుంచే నిషేధించారని ఆ వేదిక మీది వాళ్లలో ఒక్కరికీ గుర్తురాదు. ఒక్కొక్కరి ముందూ ఒక నీళ్ల సీసా. చివర్లో నాయకుడి బొమ్మ వేసిన నాన్ వోవెన్ సంచులు పంచి, ‘గుడ్డ సంచుల పంపిణీ’ అని ఫొటో మా పత్రిక ఆఫీసుకే పంపుతారు. అవి గుడ్డవా కావా అని అడగకుండా మేమూ అచ్చేశాం. అది మా తప్పు. ఇకపై అలాంటి ఫొటో వెయ్యం.

కవరు పల్చన కాబట్టి తప్పు, సంచి మీద నాయకుడి నవ్వు ఉంది కాబట్టి ఒప్పు అంటే జనం ఏ మొహంతో నిషేధాన్ని నమ్ముతారు? ఆకుకూరల ఆవిడకు ఒక చట్టం, గోదాము యజమానికి ఒక చట్టం ఉండవు. నిజంగా అమలు చేసే ఉద్దేశం ఉంటే దాడులు లారీ దిగే చోట మొదలుపెట్టండి. డ్వాక్రా మహిళలతో అసలైన నూలు సంచులు కుట్టించి, బజారు గేటు దగ్గర డిపాజిట్ మీద ఇవ్వండి. తిరిగిచ్చినవాళ్లకు డబ్బు వెనక్కివ్వండి. చేపలకూ పెరుగుకూ ఇంటి నుంచి గిన్నె తెచ్చుకునే అలవాటు పోయి ఎన్నాళ్లో కాలేదు. 2027లో పుష్కరాలు. ఘాట్ల దగ్గర పంచడానికి ఈ బొమ్మల సంచులకే ఆర్డర్లు ఇచ్చే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి.

ఈసారి కాలువలు కట్టేసినప్పుడు మున్సిపల్ సిబ్బందిని బజారుకు కాదు, లాకుల దగ్గరికి పంపండి. పూడికలో దొరికిన ప్రతి సంచినీ కడిగి, దాని మీద ఎవరి బొమ్మ ఉందో చూసి, జరిమానా రసీదు వాళ్లింటికే పంపండి.